దేవుని మూటలో ఎన్‌వోసీ

మద్దిలేటి చనిపోయినాడని నాకు మొదట చెప్పింది మౌలాలి. నంద్యాల రవాణా ఆఫీసు ఎదుట, ప్రహరీ గోడ నీడన ఒక మడత మేజా వేసుకొని, వచ్చినవాళ్లకు ఫారాలు నింపిపెట్టే మనిషి. మా ఫైనాన్సు కంపెనీ ఆళ్లగడ్డ బ్రాంచికి అంతకుముందు ఎప్పుడూ రాలేదు. పనుంటే ఫోను చేసేవాడు. ఆ పూట బస్సెక్కి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, నా మేజా మీద ఒక కవరు పెట్టినాడు. కవరు మూలన కుంకుమ బొట్టు. అది నేను పెట్టిందే.

"అక్కా, ఇది నీ చేతి కాగితమే కదా?"

అవునన్నాను.

"ఆ మద్దిలేటి పోయినాడంట. నెల దాటింది. ఆయప్ప పెండ్లాము పొద్దన్నుంచి నా మేజా కాడ కూచోనుంది. ఈ కాగితం ఆయప్ప కంటే ముందే సచ్చిపోయింది. ఆ మాట ఆయమ్మకు చెప్పలేక నీ దగ్గరికి వచ్చినా."

నా ఉద్యోగం గురించి రాయమని, ఇప్పుడు ఆ పనిలో చేరే పిల్లలకు పనికొస్తుందని, మా పాత ఆఫీసులో అమ్మాయి ఒకతె చాలా రోజులుగా అడుగుతోంది. రాద్దామని కూర్చుంటే మొదట కండ్ల ముందుకొచ్చింది ఆ కవరే. కాబట్టి దాని గురించే రాస్తాను. జీతాలు, ప్రమోషన్లు, బదిలీలు ఎవరి ఉద్యోగంలోనైనా ఉండేవే, వాటిని వదిలేస్తున్నాను.

కిందనుంచి చదవడం

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమ కాలు పట్టు తప్పింది. మా నాయన ఆళ్లగడ్డ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాడు. ఇంటికి పాత చిత్తు కాగితాలు తెచ్చేవాడు. నేను అక్షరాలు దిద్దింది వాటి వెనక, చదవడం నేర్చింది వాటి ముందర. తూర్పు ఫలానా వారి చేను, పడమర బండ్ల బాట, ఉత్తరం వంక, దక్షిణం నీ పొలం. ఈ హద్దులే నా మొదటి పాఠాలు.

నాయన ఒక అలవాటు నేర్పినాడు. "పైన అందరూ చదువుతారు పాపా. కింద ఎవురూ చదవరు. నువ్వు కిందనుంచి చదువు" అనేవాడు. గడువులు, షరతులు, సాక్షులు, అన్నీ కిందే ఉంటాయి. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసైనాక, బండ్లకు అప్పులిచ్చే ఒక ఫైనాన్సు కంపెనీలో నన్ను పనిలోకి తీసుకున్నారు. తీసుకున్న రంగయ్య సారు నా సర్టిఫికెట్టు చూడలేదు. ఒక కాగితం ఇచ్చి చదవమన్నారు. నేను కింది వరుస నుంచి మొదలుపెడితే నవ్వి, రేపటినుంచి రమ్మన్నారు. ఆ నవ్వుకు, నాయనకు, నన్ను ఇన్నేండ్లు బస్సు మెట్లు ఎక్కించి దింపిన నరసింహ స్వామికి రోజూ పొద్దున దండం పెట్టుకుంటాను. నా బతుకంతా ఎవరో ఒకరు ఇచ్చినదే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కింది వరుస చదవడం తెలియక నేను తప్పు చేసినానని మీరు అనుకోకూడదు.

పని ఎక్కడ అయిపోతుంది

నా మేజా క్లోజింగు మేజా. లోను గడువుకంటే ముందే కట్టేస్తామని వచ్చేవాళ్ల కాగితాలు నేను చూసేదాన్ని. మనిషి వస్తే ముందు అర్జీ రాయించుకోవాలి. హెడ్డాఫీసు నుంచి, ఫలానా తేదీ లోపల కడితే ఇంత అని ఒక కాగితం వస్తుంది. ఆ తేదీ దాటితే అది చెల్లదు, మళ్లీ మొదటినుంచి రావాలి. కట్టినాక, వాళ్లు సంతకం పెట్టి ఇచ్చిన చెక్కులు, రెండో తాళంచెవి తిరిగి ఇవ్వాలి. బ్యాంకులో నెలనెలా కోత ఆపించాలి. ఆ తరువాత ఎన్‌వోసీ. ఈ బండి మీద మాకు ఇంక హక్కు లేదని కంపెనీ రాసిచ్చే కాగితం. దానితో పాటు రవాణా ఆఫీసులో ఇవ్వాల్సిన ఫారం ముప్పై ఐదు, రెండు ప్రతులు, ముద్ర వేసి.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. ఆర్సీ మీద బండి యజమాని పేరుతో పాటు కంపెనీ పేరు కూడా ఉంటుంది. అప్పు తీరినంత మాత్రాన ఆ పేరు దానంతటదే పోదు. ఎన్‌వోసీ మీద తేదీ పడిన మూడు నెలల్లోగా యజమాని రవాణా ఆఫీసుకు పోయి తీయించుకోవాలి. మూడు నెలలు దాటితే ఆ ఎన్‌వోసీ ఉత్త కాగితం. ఈ ముక్క కాగితం కింది వరుసలో, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రంగయ్య సారు ఉన్నన్నాళ్లు ఒక ఎర్రట్ట పుస్తకం ఉండేది. ఎన్‌వోసీ తీసుకొని, పేరు పోయిన కొత్త ఆర్సీ ఇంకా తెచ్చి చూపించనివాళ్ల పేర్లు అందులో రాసేవాళ్లం. "మనం కాగితమిచ్చేవాళ్లం కాదమ్మా, పేరు తీయించేవాళ్లం. కండ్లతో చూసినంక ఫైలు కట్టు" అనేవారు. ప్రతి బుధవారం ఆ పుస్తకం చూసి ఫోన్లు చేసేదాన్ని. ముసలివాళ్లు, చదువురానివాళ్లు అయితే శిరివెళ్ల మీదుగా పోయే బస్సులో నేనే నంద్యాలకు తోడు పోయేదాన్ని. మౌలాలి అట్లా పరిచయమైనాడు. నా కాలు చూసి కుర్చీ నాకిచ్చి, తాను నిలబడి ఫారాలు రాసేవాడు.

కొలిమిగుండ్ల దగ్గర నుంచి ఒక రిటైరైన అయ్యవారు వచ్చేవారు. ఆర్సీ మీద పేరు తీయించుకున్నారు, ఇన్సూరెన్సు కాగితం మీద కూడా మా పేరుందన్న మాట మరిచిపోయినారు. కారు బోల్తా పడితే బీమా డబ్బు మా కంపెనీ పేరున వచ్చింది. రంగయ్య సారు ఆ రోజు నన్నేమీ అనలేదు. ఎర్రట్ట పుస్తకంలో ఇంకొక గడి గీసి, పైన 'ఇన్సూరెన్సు' అని రాసి నా ముందు పెట్టినారు. అదే తిట్టు.

ఆయన రిటైరైనాక వచ్చిన మేనేజరు చురుకైన మనిషి. చెడ్డవాడని చెప్పను. ఎర్రట్ట పుస్తకం చూసి, ఇది ఎవరి పని అని అడిగినాడు. "చేతికిచ్చినామా, సంతకం తీసుకున్నామా, మన పని అయిపాయె" అన్నాడు. పుస్తకం ఆ రోజుతో ఆగిపోయింది, నేను ఎదురు చెప్పలేదు. నిజం రాయాలంటే, నాకు సంతోషమే అయింది. కాలు నొప్పి ఎక్కువైన రోజులవి. బుధవారం బస్సు తప్పిందని స్వామికి దండం పెట్టుకున్నాను కూడా.

బొట్టు

కవరు మీద బొట్టు పెట్టడం మొదలుపెట్టింది నేనే, ఎవరూ చెప్పలేదు. మొదటిసారి ఒక ఆడమనిషి లోను తీరిందని నా మేజా ముందే కండ్లనీళ్లు పెట్టుకుంటే, నా సంచిలో ఉన్న ప్రసాదం పొట్లంలోంచి కుంకుమ తీసి కవరు మూలన పెట్టి ఇచ్చినాను. "దేవుని దగ్గర పెట్టుకోమ్మా" అన్నాను. ఆమె ఊర్లో చెప్పింది. ఆ తరువాత వచ్చిన ప్రతివాళ్లూ బొట్టు అడిగినారు.

రానురాను అది పద్ధతిగా మారింది. మంగళవారం కాగితం తీసుకోరు. అమావాస్య పూట రారు. బండి ఆత్మకూరనే ఊరి నుంచి వచ్చిన ఒక రైతు, నేను తూర్పు ముఖంగా కూర్చోలేదని మేజా తిప్పించి మరీ తీసుకున్నాడు. ఎదురుగా టీ అంగడాయన, "ఆళ్లగడ్డోళ్లకు రెండు గుళ్లప్పా, కొండ మింద అహోబిలం, రోడ్డు మింద ఫైనాన్సాఫీసు" అని ఎగతాళి చేసేవాడు. మేనేజరుకు ఇదంతా నచ్చింది. పక్క కంపెనీకి పోయేవాళ్లు కూడా మా దగ్గరికి వస్తున్నారని, కుంకుమ భరిణె ఆఫీసు ఖర్చుతో కొనిచ్చినాడు.

నేను ప్రతి ఒక్కరికీ మూడు నెలల మాట చెప్పేదాన్ని. కానీ బొట్టు పెట్టినాక చెప్పేదాన్ని. బొట్టు పెట్టి చేతికిచ్చినాక మనిషి ఆ కాగితాన్ని కండ్లకద్దుకుంటూ ఉంటాడు, ఆ పైన చెప్పేది చెవిలో పడదు. ఇది నాకు పదేండ్లు ముందే తెలిసుండాల్సింది.

మద్దిలేటి

మద్దిలేటిది ఆళ్లగడ్డ పక్క పల్లె. ఏడుగురు పట్టే బండి తీసుకొని, గుళ్లకు వచ్చేవాళ్లను తిప్పేవాడు. మహానంది, యాగంటి, అహోబిలం, అడిగితే బెలుం గుహలు. ముందే కట్టేస్తానని వచ్చినప్పుడు ఇంకా రెండేండ్ల కంతులు ఉన్నాయి. వడ్డీ పోతుంది కదా, తొందరేమని మేనేజరు అన్నాడు. ముందే తీర్చేవాళ్లంటే ఏ కంపెనీకీ ఇష్టం ఉండదు. మొదటిసారి వస్తే సారు క్యాంపులో ఉన్నాడన్నాం. రెండోసారి వచ్చేసరికి హెడ్డాఫీసు కాగితం తేదీ దాటిపోయింది. మూడోసారి వచ్చి నవ్వుతూనే అన్నాడు.

"ఇయ్యాల కూడా సారు క్యాంపేనా అమ్మా? ఆ క్యాంపులో ఇంకో సంసారముందా ఏంది?"

నేను నవ్వినాను. తరువాత, ఎందుకింత తొందర నాయనా అని అడిగినాను. అంగీ గుండీ విప్పి చూపించలేదు గానీ, చేయి గుండె మీద పెట్టుకున్నాడు.

"రింగు ఏసినారు. మా యన్న పోయిన నెలకే కంపెనీవోళ్లు వచ్చి ట్రాక్టరు పట్టకపాయిరి. మా వదిన దాని యనకాల ఊరి బయటదాకా నడిచిపాయె, ఏడ్చుకుంటా. నా పెండ్లాము అట్ల నడవగూడదు. నేనుండంగనే ఆ పేరు తీసేయండి. నేను పోతే బండి ఓబులమ్మది కావాల. వేరే డ్రైవరును పెట్టుకోనైనా బతుకుతాది."

ఆయనకు కావలసింది ఆ ఒక్కటే. ఓబులమ్మ రెండు బర్రెలను అమ్మిపెట్టింది, కమ్మలు ఇచ్చింది. ఒక శుక్రవారం ఇద్దరూ వచ్చి కట్టేసినారు. ఎన్‌వోసీ వచ్చినాక ఇంకో శుక్రవారం ఇద్దరూ వచ్చినారు. ఓబులమ్మ నాకు బెల్లం కలిపి చేసిన వేరుశనక్కాయల ఉంటలు తెచ్చింది. నేను కవరు మీద బొట్టు పెట్టి, దేవుని దగ్గర పెట్టుకోండి, మూడు నెలల్లోగా నంద్యాల పోయి రండి అన్నాను. ఆ వరుసలోనే అన్నాను.

యాగంటి పోయి నందీశ్వరుని ముందర కాగితం పెట్టి మొక్కు తీర్చుకొని, అట్నుంచి అటే నంద్యాల పోతామని మద్దిలేటి చెప్పినాడు. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, ఇంక మీ ఆఫీసు మొగం చూడనులే అమ్మా అన్నాడు. వాళ్లు పోతుంటే నాకు కడుపు నిండినట్టయింది. ఎర్రట్ట పుస్తకం ఉండుంటే ఆయన పేరు అందులో రాసేదాన్ని.

ఫోనులో అడిగిన మాట

తొమ్మిది రోజులకు మద్దిలేటి ఫోను చేసినాడు. వాళ్లమ్మ పోయిందన్నాడు. అయ్యో అన్నాను. కొంచెంసేపు ఆమె గురించి చెప్పినాడు. ఆ తరువాత ఇట్లా అడిగినాడు.

"అమ్మా, ఇంట్లో మైల కదా. దేవుని పటాలన్నీ మూట కట్టి అటక మింద పెట్టినారు మా పెద్దోళ్లు. మీ కాగితం ఆ మూటలోనే ఉండాది. ఏడాది ఇప్పగూడదంటాండారు. మొక్కులు గూడా తీర్చగూడదంట. ఏడాదైనంక ఆఫీసుకు పోతే అయితాదా?"

మా వైపు కొన్ని ఇండ్లలో ఇది గట్టి ఆచారం. కన్నవాళ్లు పోతే ఏడాది దేవుని పటాలు ముట్టరు, కొండ ఎక్కరు. మా నాయన పోయినప్పుడు మేమూ మూట కట్టినాం. ఏడాది తరువాత విప్పి, పటాలు తుడిచి, దీపం పెట్టినప్పుడు నాకు ఎంత ఏడుపొచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. మద్దిలేటి అడిగిన క్షణాన నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, ఆఫీసులో లేను. తల్లి బూడిద ఆరకముందే మూట విప్పమని ఆ మనిషికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"దేవుని దగ్గరుండేదానికి ఏమయితాది నాయనా. ఉండనీ. ముందు అమ్మ కార్యాలు చూసుకో" అన్నాను.

మూడు నెలల గడువు నాకు ఆ క్షణాన గుర్తులేదని చెప్పలేను. గుర్తుంది. ఏడాదైనాక కొత్తది తెప్పించి ఇస్తాంలే అనుకున్నాను. రెండోసారి ఎన్‌వోసీ తెప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అనుకున్నాను. ఫోను పెట్టేసి, మంచి మాట చెప్పినానని తృప్తిగా టీ తాగినాను.

ఇన్నేండ్లుగా ఆలోచిస్తే ఒకటి తోస్తుంది. మైల వాళ్లకు గానీ నాకు కాదు. నేను తలకు పోసుకొని, ఆ పల్లెకు ఆటోలో పోయి, మూట విప్పి ఆ కాగితం తీసి, మళ్లీ కట్టి రావచ్చు. వాళ్ల పెద్దలు కాదనేవాళ్లు కాదు. అంత చిన్న పని. ఆ తరువాత మద్దిలేటిని నంద్యాల బస్సెక్కిస్తే సాయంత్రానికి పేరు పోయేది. అది తోచలేదు.

పదో నెలలో, మహానంది నుంచి యాత్రికులను దింపి ఇంటికొచ్చి, మంచం మీద కూర్చొని నీళ్లు అడిగినాడంట. ఓబులమ్మ చెంబు తెచ్చేసరికి లేడు.

ఓబులమ్మ

మౌలాలి వచ్చిన పూటే నేను అతనితో పాటు నంద్యాల పోయినాను. ఓబులమ్మ అతని కుర్చీలో కూర్చోలేదు, గోడకానుకొని నేల మీద కూర్చొనుంది. నన్ను చూసి లేచింది. నేను కూర్చోమంటే నాకు కుర్చీ జరిపింది.

ఆమె చెప్పిందంతా ఇది. బావలు వచ్చి బండి ఎవరి పేరున మార్చుకుంటావో మార్చుకో, పర్మిటు ఎన్నాళ్లో ఉండదు అన్నారు. కాగితం మూటలో ఉంది. ఒక మైల మీద ఇంకొక మైల. మూట మేం ముట్టుకోం అని అందరూ అన్నారు. అందరూ చేలకు పోయిన పూట తలకు పోసుకొని, కండ్లు మూసుకొని తానే విప్పింది. తప్పు నాదే స్వామీ, బిడ్డలది కాదు అని మొక్కుకుందంట.

ఆ తరువాత నన్ను అడిగింది.

"నేను మైలలో ఇప్పినందుకేనా అక్కా ఈ కాగితం సెల్లకుండా పాయె?"

మౌలాలి ఫారాలు సర్దుకుంటూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నువ్వు విప్పినందుకు కాదమ్మా" అన్నాను. "మూడు నెలల్లో పోవాల. మీ ఆయన నన్ను ఫోనులో అడిగినాడు. నేనే ఉండనీ అన్నాను. తప్పు నాది."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నువ్వేం జేస్తావక్కా. దేవుని దగ్గరే కదా ఉండనీమన్యావు" అంది.

రెండేండ్లు

ఆ తరువాత జరిగింది వివరంగా రాస్తే మీకు విసుగు. కానీ కొంచెం రాయాలి, ఎందుకంటే రేపు ఆ కిటికీకి అవతల మీరు కూర్చుంటారు.

మా కంపెనీని ఈలోగా ఇంకో కంపెనీ తీసుకుంది. ఆళ్లగడ్డ బ్రాంచి ఎత్తేసి, మమ్మల్ని నంద్యాలకు మార్చినారు. కొత్త కంప్యూటరులో మద్దిలేటి లోను కనిపించలేదు. ముందే తీరిపోయినవాటిని వాళ్లు ఎక్కించుకోలేదంట. అప్పు ఉందంటే ఎన్‌వోసీ ఇవ్వరు. అప్పు లేదు, లోనే లేదంటే దేనికి ఎన్‌వోసీ ఇవ్వాలి అన్నారు. పాత ఫైలు ఎక్కడో దూరపు గోదాములో ఉందని, తెప్పించడానికి లోను తీసుకున్న మనిషి అర్జీ పెట్టాలన్నారు. ఆ మనిషి చనిపోయినాడు అని రాసినాను. అయితే అతని ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరు చెప్పండి అని జవాబొచ్చింది. ఓబులమ్మ ఆ సిమ్ము రీచార్జి చేయలేక వదిలేసింది. అది అప్పటికే వేరే ఎవరికో పోయింది.

కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు కోసం తహసీలుదారు ఆఫీసు చుట్టూ తిరిగింది. అది వచ్చింది. పంపినాం. బిడ్డలందరి సంతకాలు కావాలన్నారు. పంపినాం. పాత ఎన్‌వోసీ అసలు ప్రతి కావాలన్నారు, బొట్టున్న కవరుతో సహా పంపినాం. కవరు మీద మరక ఉంది, ముద్ర సరిగా కనిపించడం లేదని ఒక జవాబొచ్చింది. కుంకుమ చెమ్మకు కరిగి లోపలికి దిగి కాగితం ముద్ర మీదికి పాకిందంట. ఆ ఉత్తరాన్ని నేను కిందనుంచి మళ్లీ ఒకసారి చదివినాను.

మౌలాలి ఈ రెండేండ్లలో ఓబులమ్మ దగ్గర ఒక్క ఫారానికి కూడా ఏమీ తీసుకోలేదు. నేను థాంక్సు చెప్పబోతే, "నీ కాగితం మోసి మోసి నేనూ సగం పూజారినైనా అక్కా" అన్నాడు. ఆ రోజు మేం ముగ్గురం నవ్వినాం. అదొక్కసారే.

ఇంతలో బండి రేకుల కొట్టంలో నిలబడిపోయింది. చనిపోయిన మనిషి పేరున, పైన ఇంకొకరి పేరున్న బండికి పర్మిటు లేదు, ఫిట్‌నెస్ లేదు, బీమా లేదు. దాన్ని నడిపితే పట్టుకుంటారు. నడపకపోతే చచ్చిపోతుంది. ఎలుకలు వైర్లు కొరికినాయి. ఓబులమ్మ మిరప కోతలకు, కోతలు లేనప్పుడు నంద్యాల విత్తనాల గోదాములో ఏరే పనికి పోయేది. వారానికొకసారి బండి అద్దాలు తుడిచేదంట.

ఈ మధ్యలోనే నేను రిటైరైనాను. సన్మానం చేసినారు. శాలువా కప్పి మేనేజరు మాట్లాడుతూ, ఇన్నేండ్లలో ఈమె మేజా మీద ఒక్క ఫైలు కూడా పెండింగు లేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. ఆయన అబద్ధం చెప్పలేదు. కంపెనీ లెక్కలో మద్దిలేటి ఫైలు ఎప్పుడో మూసేసిందే.

ఇంట్లో కూర్చున్నాక కూడా వారం వారం ఆఫీసుకు పోయి అడిగేదాన్ని. నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి నన్ను చూడగానే లేచి నీళ్లిచ్చేది. కంప్యూటరులో చూసి తల అడ్డంగా ఊపేది.

కాటా

ఒక వానాకాలం కొట్టం రేకులు లేచిపోయినాయి. బండి వానలో నానింది. ఎవరూ కొనరు, ఆర్సీ అట్లుండగా కొనలేరు. కర్నూలు వైపు నుంచి వచ్చిన పాత ఇనుము వ్యాపారి, కాగితాలతో నాకు పనిలేదు, కాటాకు పెడతానన్నాడు. ఓబులమ్మ సరేనంది. నాకు చెప్పలేదు. నేను అడ్డం పడతానని కాదు, నేను బాధపడతానని చెప్పలేదంట.

చెప్పింది తరువాత, నేను వాళ్లింటికి పోయినప్పుడు. లారీకి కట్టి బండిని లాక్కుపోయినారంట. చక్రాల్లో గాలి లేదు, గీసుకుంటూ పోయిందంట. నువ్వేం చేసినావమ్మా అని అడిగినాను.

"ఏం జేస్తానక్కా. దాని యనకాలే ఊరి బయటదాకా నడిచినా."

మద్దిలేటి వదిన మాట ఆమెకు గుర్తుందో లేదో నేను అడగలేదు.

బండి పోయిన ఐదో వారం కొత్త ఎన్‌వోసీ వచ్చింది. ఆఫీసు అమ్మాయి ఫోను చేసి, "మేడమ్, వచ్చేసింది, మీరే ఇవ్వండి" అని సంతోషంగా చెప్పింది. పాపం, ఆ పిల్లకు తెలియదు. తెల్లటి కవరు, స్పష్టమైన ముద్ర, కింద అదే చిన్న అక్షరాల్లో అదే మూడు నెలలు. నేను తీసుకొని ఆ పల్లెకు పోయినాను. బొట్టు పెట్టలేదు. కుంకుమ భరిణె ఆఫీసు వదిలిన రోజే అక్కడే వదిలేసినాను.

ఓబులమ్మ చేతులు కడుక్కొని వచ్చి రెండు చేతులతో కవరు తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"బొట్టు పెట్టలేదే అక్కా?"

ఆమె లోపలికి పోయి కుంకుమ తెచ్చి, మూలన తానే బొట్టు పెట్టింది. ఏడాది మైలలు రెండూ తీరిపోయినాయి కాబట్టి పటాలు గోడకు ఉన్నాయి. కవరును స్వామి పటం వెనక దోపింది.

"ఈసారి యాడికీ పోయే పనిలేదు కదక్కా. ఉండనీ" అంది.

నాకు టీ పెట్టిచ్చింది. పోయేటప్పుడు సంచిలో వేరుశనక్కాయల ఉంటలు పెట్టింది. ఎందుకమ్మా ఇవన్నీ అంటే, మా కోసం ఎంత తిరిగినావు అంది. నా జీవితంలో చాలామంది దగ్గర చాలా తీసుకున్నాను, అందరికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆ ఉంటలు మాత్రం ఇంటికి తెచ్చి, స్వామి ముందర పెట్టడానికి చేయి రాక, చాలాసేపు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలారా, మీకు ఎర్రట్ట పుస్తకం ఎవరూ ఇవ్వరు. మీరే ఒకటి కొనుక్కోండి. బొట్టు పెట్టాలనిపిస్తే పెట్టండి, భక్తిని నేను ఎవరికీ వద్దని చెప్పను. కింది వరుస చదివి, ఆ మనిషి చేత తిరిగి చెప్పించుకొని, ఆ తరువాత పెట్టండి. అట్లా చేసినా కొన్ని చేయి జారిపోతాయి. నా అనుభవంలో చాలానే పోయినాయి, ఆ మాట దాచి మీకు ధైర్యం చెప్పలేను.

నాకు ఒక్క కోరిక ఉంది. ఎప్పుడైనా ఒక మనిషి మీ మేజా ముందు నిలబడి ఆ కాగితాన్ని కండ్లకద్దుకుంటే, మీ దేవుడు ఎవరైనా సరే, ఆ ఒక్క క్షణం ఆళ్లగడ్డ పక్క పల్లెలోని ఓబులమ్మను తలుచుకోండి.